ఉపమానాలు తీసేస్తే గొగోల్ ఎక్కడ?

సంపాదకుడికి,

మీ ఆదివారం అనుబంధంలో ప్రపంచ నవలల సంక్షిప్త పరిచయాలు వేస్తున్నారు, సంతోషం. కానీ గత వారం వచ్చిన రష్యన్ రచయిత గొగోల్ నవల ‘మృతజీవులు’ (1842) పరిచయం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు. కథ మొత్తం ఉంది. చిచికోవ్ అనే పెద్దమనిషి ఎస్టేట్లన్నీ తిరగడం, చనిపోయినా ప్రభుత్వ జాబితాలో ఇంకా పేరున్న బానిస రైతులను కొనడం, వాళ్లను బతికున్నట్టు చూపించి తాకట్టు పెట్టి అప్పు లాగాలనుకోవడం, గుట్టు బయటపడేసరికి ఊరొదిలి పోవడం, అన్నీ వచ్చాయి. ఉపమానాలను మాత్రం కూరలో కరివేపాకులా ఏరి పారేశారు.

గవర్నరు గారింట్లో విందు సంగతే చూడండి. ‘పట్టణ ప్రముఖులంతా హాజరయ్యారు’ అని మీ పరిచయం ఒక్క ముక్కలో తేల్చేసింది. గొగోల్ అక్కడ నల్లకోట్ల మగవాళ్లను పంచదార దిమ్మ మీది ఈగలతో పోలుస్తాడు. పోల్చి ఊరుకోడు. జూలై ఎండ, తెరిచిన కిటికీ, సుత్తితో పంచదార పగలగొట్టే ముసలామె, ఆమె చేతులకేసి చూస్తూ చుట్టూ మూగిన పిల్లలు వస్తారు. ఆమెకు చూపు సరిగా ఆనదు, పైగా కళ్లలో ఎండ పడుతోంది. అదే అదనుగా ఈగలు ఇంటి యజమానుల్లా దిగుతాయి. తినడానికి కాదు, వాటికి కడుపు నిండే ఉంది. అటూ ఇటూ తిరిగి, కాళ్లు రుద్దుకుని, నలుగురికీ కనబడి పోవడానికే! ఆ ఊరి పెద్దల గురించి ఇంకేం చెప్పాలి?

సొబాకెవిచ్ అనే భూస్వామి ముఖం సొరబుర్రలా ఉందంటాడు గొగోల్. ఆ బుర్రతో రెండు తీగల బలలైకా అనే రష్యన్ వాద్యం చేస్తారంటాడు. వెంటనే దాన్ని వాయిస్తూ ఆడపిల్లలకు కన్నుగీటే ఇరవై ఏళ్ల కుర్రాడొకడు ప్రత్యక్షం. కథలో వాడికి ఏ పనీ లేదు, మళ్లీ కనబడడు కూడా. ఈ నవలలో వ్యాపారమంతా కాగితం మీద పేర్లుగా మిగిలిన మనుషులతో. బతికున్నవాళ్లు మాత్రం ఇలా పోలికల్లోంచి ఊడిపడుతుంటారు. వాళ్లను కొట్టేశాక మీ పరిచయంలో నిజంగా చిచికోవ్ జాబితాయే మిగిలింది.

అప్పటి సెన్సారు వాళ్లు తక్కువ తినలేదు. శీర్షికకే అడ్డుపడ్డారు, నవల మధ్యలో వచ్చే కెప్టెన్ కొపేకిన్ అనే సైనికుడి కథను మార్పించారు. అయినా ఒక రోజు రంగును సైనికుల పాత యూనిఫాంతో పోల్చి, ఆ సైనికులు ఆదివారాల్లో కాస్త మత్తులో ఉంటారని గొగోల్ విసిరిన చురక మిగిలింది. మీ దగ్గర అదీ మిగల్లేదు.

నవల చివర్లో వచ్చే మూడు గుర్రాల బండిని మాత్రం ఉంచారు. రష్యా ఆ బండిలా దూసుకుపోతోందన్న పోలిక అందరికీ గుర్తే. అందులో కూర్చున్నది పారిపోతున్న మోసగాడని కూడా ఒక మాట వేయాల్సింది.

డిగ్రీ పిల్లలు చాలామంది ఈ పేజీతోనే సరిపెట్టుకుంటారు, అసలు పుస్తకం జోలికి పోరు. జాగా లేదంటే కథను ఇంకా కుదించండి, నాకేం అభ్యంతరం లేదు. ప్రతి పరిచయంలోనూ రచయిత రాసిన పేరా ఒక్కటైనా కోత లేకుండా వేయండి.

– ఒక పాఠకుడు, తెనాలి