పాత స్కూబా రెగ్యులేటర్లకు మెరుగు కాదు, మరమ్మతు కావాలి

సంపాదకుల వారికి,

అయ్యా,

పాత వస్తువులతో ఇళ్లనూ హోటళ్లనూ అలంకరించే మోజు మన నగరంలో పెరిగిన తర్వాత, గ్రామఫోన్లు, ఓడ దీపాల సరసన ఇప్పుడు మరొక వస్తువు కూడా కనిపిస్తోంది. గుండ్రని ఇత్తడి డబ్బా, దాని రెండు పక్కల నుంచి ముడతలు ముడతలుగా వచ్చి నోటి దగ్గర కలిసే రెండు నల్లని రబ్బరు గొట్టాలు. 1940ల నుంచి 1960ల దాకా సముద్రంలో మునిగేవారు ఊపిరి కోసం నమ్ముకున్న స్కూబా రెగ్యులేటర్ ఇదే. వీపు మీది సిలిండరులో అధిక పీడనంతో నింపిన గాలిని పీల్చదగిన పీడనానికి తగ్గించి నోటికి అందించడం దీని పని. పీడన పరికరాల మరమ్మతే వృత్తిగా బతికినవాణ్ణి కనుక, ఈ యంత్రాలకు ఇక్కడ జరుగుతున్న అన్యాయం గురించి మీ పత్రిక ద్వారా నాలుగు మాటలు చెప్పుకోవాలని ఈ లేఖ రాస్తున్నాను.

ఈ మధ్య ఒక అలంకరణ వస్తువుల దుకాణంలో ఇలాంటి రెగ్యులేటర్ చూశాను. డబ్బా మీది క్రోమ్ పూతను బఫింగ్ చక్రంతో అరగదీసి ఇత్తడిని తళతళలాడించారు. ఆ రాపిడిలో తయారీ సంస్థ ముద్ర, వరుస సంఖ్య రెండూ సగానికి సగం చెరిగిపోయాయి. చీకిపోయిన అసలు గొట్టాలు తీసేసి, వాషింగ్ మెషీన్ నుంచి మురికినీళ్లు బయటికి పోయే ప్లాస్టిక్ పైపులు తొడిగి నల్లరంగు పూశారు. మూత విప్పి చూపించమని అడిగితే, "లోపల సామాన్ తీసేసినం సార్, షోకేసుకే గదా" అన్నారు. ఆ సామానే అసలు యంత్రమని, బయటి డబ్బా దానికి కవచం మాత్రమేనని వారికి చెప్పినవారు లేరు. కొన్నవారికీ తెలియదు.

దీని పుట్టుక తెలిస్తే ఎవరికైనా దీనిమీద గౌరవం కలుగుతుంది. 1942 చివరలో ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కూస్తో, పారిస్‌లో ఎయిర్ లిక్విడ్ సంస్థ ఇంజనీరు ఎమిల్ గాన్యన్‌ను కలిశాడు. యుద్ధకాలపు పెట్రోలు కొరతలో కార్లను గ్యాసుతో నడపడానికి గాన్యన్ అప్పటికే ఒక కవాటం తయారుచేసి ఉన్నాడు. ఇంజను ఎంత గ్యాసు కోరితే అంతే వదలడం దాని పని. ఇంజను స్థానంలో మనిషి ఊపిరితిత్తులను ఊహించుకుంటే చాలు, స్కూబా రెగ్యులేటర్ సూత్రం అర్థమవుతుంది. అయితే 1943 ఆరంభంలో మార్న్ నదిలో జరిపిన పరీక్షలో ఒక చిక్కు ఎదురైంది. కూస్తో నిటారుగా ఉన్నప్పుడు గాలి ఆగకుండా బయటికి పోయేది, తలకిందులైతే పీల్చడమే కష్టమయ్యేది. నీటి పీడనం ప్రతి 10 మీటర్ల లోతుకు దాదాపు ఒక వాతావరణ పీడనం చొప్పున పెరుగుతుంది కాబట్టి, గాలిని అదుపు చేసే డయాఫ్రం (పలుచని రబ్బరు పొర) ఒక మట్టంలో, వదిలిన గాలి బయటపడే రంధ్రం మరొక మట్టంలో ఉంటే, ఆ జానెడు తేడాకే కవాటం తనంతట తాను తెరుచుకోవడమో మొరాయించడమో జరుగుతుంది. అందుకని వదిలిన గాలిని కూడా మరొక గొట్టం గుండా వీపు మీది డబ్బా దాకా తీసుకువెళ్లి డయాఫ్రం పక్కనే బయటికి పంపారు. చూడటానికి అలంకారంలా అనిపించే రెండో గొట్టం వెనక ఉన్న లెక్క ఇది.

ఆ తర్వాత ఫ్రాన్సులో లా స్పిరోటెక్నిక్, అమెరికాలో యూ.ఎస్. డైవర్స్, ఇంగ్లండులో సీబ్ గోర్మన్ వంటి సంస్థలు ఈ రకం రెగ్యులేటర్లు చేశాయి. సిలిండరు పీడనాన్ని ఒకే దశలో తగ్గించే మిస్ట్రాల్ అనే నమూనా 1955లో వచ్చింది. రెండు దశల్లో తగ్గించే ఆక్వా మాస్టర్ 1950ల చివరలో వచ్చింది. మెల్‌బోర్న్‌లో టెడ్ ఎల్డ్రెడ్ 1950ల తొలినాళ్లలోనే ఒంటి గొట్టంతో పోర్పస్ అనే రెగ్యులేటర్ తయారుచేశాడు, చివరికి లోకమంతా ఆ దారినే పట్టింది. అయినా బుడగలు ముఖం ముందు కాకుండా తల వెనక నుంచి పోతాయని, చేపలు బెదరవని, నీటిలో ఫొటోలు తీసేవారిలో కొందరు ఇప్పటికీ రెండు గొట్టాలనే ఇష్టపడతారు.

ఇక మరమ్మతు సంగతి. డబ్బా రెండు చిప్పలుగా ఉంటుంది, అంచు చుట్టూ చిన్న క్లిప్పులు వాటిని పట్టి ఉంచుతాయి, వాటి మధ్య అరచేతి వెడల్పు రబ్బరు డయాఫ్రం బిగిసి ఉంటుంది. క్లిప్పులను అంచు వంగకుండా ఒక్కొక్కటిగా తీయాలి. హైదరాబాదు ఎండలకు అటక మీద ఏళ్ల తరబడి పడి ఉన్న రబ్బరు గట్టిపడి, ముట్టుకుంటే వేళ్లకు నల్లగా అంటుతుంది. డయాఫ్రం పైకి బాగానే కనిపించినా చీకటి గదిలో దీపానికి అడ్డంగా పట్టుకుని చూడాలి. మడత పడే చోట సూది మొనంత వెలుగు చుక్క ఒక్కటి కనిపించినా దాన్ని పారేయవలసిందే, ఎందుకంటే నీరు లోపలికి రావడానికి ఆ చుక్క చాలు. గొట్టాలను కూడా ఒక కొస మూసి, ముడతలు విప్పారేలా సాగదీసి, బకెట్ నీళ్లలో ముంచి ఊదితేనే పగుళ్లు బయటపడతాయి. బాతు ముక్కు ఆకారంలో ఉండి వదిలిన గాలిని బయటికి పంపి నీటిని అడ్డుకునే రబ్బరు కవాటం పెదవులు అతుక్కుపోయి ఉంటే బలవంతంగా విప్పి వాడటం తెలివైన పని కాదు. ఈ రబ్బరు భాగాలన్నీ ఇప్పుడు విదేశాల్లో సిలికోన్‌తో కొత్తగా తయారవుతున్నాయి, తెప్పించుకోవచ్చు.

ఇత్తడి భాగాల మీది పచ్చని చిలుముకు తెల్ల వెనిగర్, నీళ్లు సమపాళ్లలో కలిపిన ద్రావణం సరిపోతుంది. అందులో కొద్ది నిమిషాలు ఉంచి, నైలాన్ బ్రష్‌తో మెల్లగా రుద్ది, వంటసోడా నీళ్లలో ముంచి, శుభ్రమైన నీటితో కడిగి ఆరబెట్టాలి. రాత్రంతా వదిలేస్తే ఇత్తడిలోని జింకు కరిగిపోయి పైపొర గులాబీ రంగుకు తిరుగుతుంది, లోహం బలహీనపడుతుంది. గాలిని ఆపే సీటు అనే చిన్న బిళ్ల, దానికి ఆనుకునే ఇత్తడి నాజిల్ అంచు ఈ యంత్రానికి ప్రాణం. ఆ అంచు మీద వెంట్రుకవాసి గీత ఉన్నా గాలి కారుతూనే ఉంటుంది కనుక, దాన్ని భూతద్దం కింద చూడకుండా కొత్త సీటు వేయడం శుద్ధ దండగ. రెండు దశల రెగ్యులేటరైతే మొదటి దశ దాటిన గాలి పీడనం సుమారు 8 బార్ (ఒక బార్ అంటే దాదాపు ఒక వాతావరణ పీడనం) దగ్గర నిలవాలి. గేజి తగిలించినప్పుడు ముల్లు ఒకచోట ఆగి అక్కడే ఉండాలి. నెమ్మదిగా పైకి పాకుతుంటే సీటు ఇంకా కారుతున్నట్టే. డయాఫ్రం కుంగినప్పుడు గాలి కవాటాన్ని తెరిచే మీట ఎత్తు కూడా అంతే ముఖ్యం. ఎక్కువైతే గాలి వృథాగా పోతుంది, తక్కువైతే పీల్చేవాడికి ఆయాసం వస్తుంది. గ్యారేజీ గ్రీజు మాత్రం దగ్గరికి రానివ్వకూడదు: అది సహజ రబ్బరును ఉబ్బించి పాడు చేస్తుంది, దాని ఆవిరి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వాడవలసింది సిలికోన్ గ్రీజు, అదీ పలుచగా.

ఈ పనికి కావలసినవి చాలావరకు మన ఊళ్లోనే ఉన్నాయి. కొలత సరిగ్గా చెబితే రాణీగంజ్‌లో ఓ-రింగులు (గాలి కారకుండా వేసే రబ్బరు వలయాలు) దొరుకుతాయి. అరిగిన ఇత్తడి ముక్క నమూనాగా ఇస్తే, అంగుళంలో వెయ్యోవంతు తేడా రాకుండా మరొకటి తిప్పి ఇవ్వగల లేత్ పనివారు బాలానగర్‌లో ఉన్నారు. జుమ్మెరాత్ బజారులో తుక్కు అమ్మేవారు వస్తువు పేరు తెలియకపోయినా దాన్ని విరగ్గొట్టకుండా పక్కన పెడతారు, ఆ ఓపికకు వారిని మెచ్చుకోవాలి. కొరవడింది ఒక్కటే, ఇది బాగుచేయదగిన యంత్రమన్న ఎరుక.

ఒక హెచ్చరిక చేయకపోతే ఈ లేఖ రాసి తప్పు చేసినవాణ్ణవుతాను. బాగుచేసిన రెగ్యులేటర్‌తో ఎవరుపడితే వారు నీళ్లలో దిగడానికి వీల్లేదు. ఆ కాలపు యోక్‌లలో (రెగ్యులేటర్‌ను సిలిండరుకు బిగించే చట్రాలలో) చాలా భాగం 150 బార్ ప్రాంతపు సిలిండర్ల కోసం చేసినవి, వాటిని నేటి 200 బార్ సిలిండరుకు తగిలించడం ప్రాణంతో చెలగాటం. తోటివాడికి ఇవ్వడానికి నోట్లో పెట్టుకునే రెండో మూతి గాని, ఎంత గాలి మిగిలిందో చెప్పే గేజి గాని మామూలుగా వీటికి ఉండవు. తొలి నమూనాల మూతుల్లో నీరు వెనక్కి రాకుండా ఆపే కవాటాలు కూడా లేవు. ఈతకొలనులోనే కదా అనుకోవడానికీ లేదు. పీడనంలో ఉన్న గాలి పీల్చి, శ్వాస బిగబట్టి పైకి వస్తే మీటరుకు కొంచెం పైబడిన లోతు నుంచైనా ఊపిరితిత్తులు దెబ్బతినవచ్చు. శిక్షణ పొందిన డైవర్, పక్కన మరొక డైవర్ ఉండగా చేయవలసిన పరీక్ష అది. తక్కిన వారికి బల్ల మీద పీల్చి చూసే పరీక్ష చాలు. అయినా యంత్రం పనిచేసే స్థితిలో ఉండటం వేరు, దానితో మునగడం వేరు. రెండోది అందరికీ అక్కరలేదు, మొదటిది లేకపోతే మిగిలేది ఉత్త డబ్బా.

సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు ఆ గడియారం ముందు జనం ఎలా గుమిగూడతారో మనందరికీ తెలుసు. చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట మోగిస్తుంది కాబట్టి పిల్లలు దాన్ని ఇంటికి వెళ్లాక కూడా తలుచుకుంటారు. ఆగిపోయిన గడియారమైతే ఒక చూపు చూసి ముందుకు సాగిపోయేవారు. అదే విధంగా ఒక రెగ్యులేటర్ చిప్పకు కిటికీ కోసి, తక్కువ పీడనపు గాలి తగిలించి, పీల్చినప్పుడు డయాఫ్రం కుంగి మీటను నొక్కడం కళ్లారా చూపితే, పదో తరగతి విద్యార్థికి పీడనం పాఠం మళ్లీ చెప్పనక్కరలేదు. దీనికి డబ్బా పగిలినదో ముద్ర పోయినదో వాడాలి, చెక్కుచెదరని దాన్ని కోయకూడదు. బిర్లా సైన్స్ మ్యూజియం వంటి చోట్ల, నగరంలోని పాలిటెక్నిక్ వర్క్‌షాపుల్లో ఇది అసాధ్యమైన పనేమీ కాదు.

అందుచేత నా మనవి ఇది. అమ్మేవారు వీటిని బఫింగ్‌కు ఇచ్చే ముందు ముద్రలను, సంఖ్యలను ఫొటో తీసి, విప్పిన భాగాలను పారేయకుండా సంచిలో కట్టి వస్తువుతోపాటే ఇవ్వాలి. లోపల ఖాళీగా ఉన్నదానికి "నీటిలో వాడరాదు" అన్న చీటీ తప్పనిసరిగా తగిలించాలి. నౌకాదళంలోనో ఓడరేవుల్లోనో పనిచేసి హైదరాబాదులో స్థిరపడిన పెద్దల ఇళ్లలో, పాత ట్రంకు పెట్టెల్లో ఇలాంటి రెగ్యులేటర్లు, వాటి కరపత్రాలు, మరమ్మతు పుస్తకాలు ఉంటే, తుక్కుకు వేయకుండా ఫొటోలు పంపమని మీ ఆదివారం సంచికలో ఒక పిలుపు ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు
భవదీయుడు,
ఒక పాఠకుడు,
సనత్‌నగర్, హైదరాబాదు