ఆదివారం క్లాసు: నడక, కోలాటం, మాత్రల వేళ

అందరికీ నమస్కారం. ఆదివారం ఉదయం 7 గంటలకు పార్కులో మన క్లాసు. పార్కిన్సన్స్ (కదలికలు నెమ్మదించే, వణుకు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లతో పాటు ఇంట్లోవాళ్లు ఒక్కరైనా తప్పకుండా రండి.

ఈసారి ఎక్కువసేపు నడక మీదే. నడుస్తూ ఉండగా పాదాలు నేలకు అతుక్కున్నట్టు ఆగిపోతాయి కదా, అప్పుడు చెయ్యి పట్టి లాగకండి, పడిపోతారు. కాస్త ఆగనిచ్చి, బరువు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మార్చి, "ఒకటి, రెండు" అని లెక్కపెడుతూ పెద్ద అడుగు వేయమనండి. మా నాన్నగారికి వంటింటి గుమ్మం దగ్గర రోజూ ఇదే ఇబ్బంది. నేల మీద రంగు టేపు అడ్డగీతలుగా అంటించాం. గీత దాటాలనుకుంటే కాలు లేస్తోంది! అది చూసి అమ్మ ఏడ్చేసింది.

పాట తాళం కూడా అలాగే సాయపడుతుంది. న్యూయార్క్ బ్రూక్లిన్‌లో 2001 నుంచి పార్కిన్సన్స్ ఉన్నవాళ్ల కోసం డాన్స్ క్లాసులే నడుస్తున్నాయి. మనం కోలాటంతో మొదలుపెడదాం, కర్రలు నేను తెస్తాను. నిలబడలేనివాళ్లకు కుర్చీలు ఉంటాయి.

దూలగొండి పొడి గురించి ఇద్దరు అడిగారు. అందులో లెవోడోపా, అంటే పార్కిన్సన్స్ మాత్రల్లో ఉండే మందే, ఉన్న మాట నిజమే. అందుకే డాక్టరుగారిని అడగకుండా మాత్రలతో కలిపి వాడొద్దు, డోసు ఎక్కువైపోవచ్చు.

మాత్ర బాగా పనిచేసే వేళ చూసుకుని బయలుదేరండి. వచ్చేవాళ్లు శనివారం సాయంత్రంలోగా పేరు పెట్టండి.