పార్కు జారుడుబండకు నీడ కావాలి: కమిషనర్ గారికి బహిరంగ లేఖ

తిరుపతి నగరపాలక కమిషనర్ గారికి నమస్కారం.

జూకో, సైన్స్ సెంటర్‌కో ఎప్పుడైనా వెళ్తాం. పిల్లల రోజువారీ ఆటకు మాత్రం వీధి చివరి పార్కే దిక్కు. అక్కడి రేకు జారుడుబండ ఏప్రిల్‌లో సాయంత్రం 4 గంటలకు కూడా చుర్రుమంటుంది. నిక్కరు వేసుకున్న పిల్లల తొడలు కమిలిపోతాయి. ఎండాకాలం మన ఊళ్లో సూర్యుడు దాదాపు నడినెత్తికి వస్తాడు. బండను ఎటు తిప్పినా లాభం లేదు, పైన నీడే కావాలి. పడమర వైపు కానుగ మొక్కలు నాటించండి. అవి ఎదిగేదాకా గ్రీన్ నెట్ కట్టించండి.

కింద సిమెంటు అసలే వద్దు. అడుగు లోతు ఇసుక పోయించి, వారానికోసారి తిరగేయించాలి, లేకపోతే వానకు గట్టిపడిపోతుంది. కమ్మీల సందు 3.5 నుంచి 9 అంగుళాల మధ్య ఉంటే ఒళ్లు దూరి తల ఇరుక్కుంటుంది. ఉయ్యాలలో ముందు అరిగేది పై కొక్కెం. నిచ్చెన వేసి నెలనెలా చూడాలి. దయచేసి ఈ పనులు మార్చిలోనే పూర్తి చేయించండి.

— పిల్లల తల్లిదండ్రులు