భూసార కార్డులో లేని అంకె

సంపాదకుల వారికి నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే యూరియా కోసం రైతులు బారులు తీరిన ఫొటోలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. బస్తా దొరికిందా లేదా అన్నదే వార్త. చేలో చల్లాక ఆ యూరియా ఎటు పోతోందని ఎవరూ అడగరు. ముప్పై ఏళ్లు వ్యవసాయ శాఖలో పనిచేసిన నాకు ఇదే బాధ.

45 కిలోల బస్తాలో నత్రజని 20 కిలోల పైచిలుకు. నేలలో పడ్డ యూరియా ముందు అమ్మోనియం అవుతుంది, దాన్ని బంకమట్టి పట్టి ఉంచుతుంది. కొద్దిరోజులకే నైట్రేట్‌గా మారుతుంది. నైట్రేట్‌ను మట్టి పట్టుకోదు, నీరు ఎటు పోతే అదీ అటే. గట్టి వాన పడితే వేళ్లకు అందని లోతుకు దిగి, చివరికి బోరు నీళ్లలో తేలుతుంది. తాగునీటిలో లీటరుకు 45 మిల్లీగ్రాములు మించకూడదన్నది మన ప్రమాణం. అంతకు మించిన నీళ్లతో పాలు కలిపి పడితే పసిపిల్లలకు ఒళ్లు నీలిబారే ప్రమాదం ఉంది.

నీరు ఎంత వేగంగా దిగుతుందన్నది నేలను బట్టి ఉంటుంది. ఓసారి చెల్కలో, అంటే ఎర్రటి తేలిక నేలలో, ఇనప రింగు దిగ్గొట్టి బిందెడు నీళ్లు పోశాం. చూస్తుండగానే ఇంకిపోయాయి. పక్క ఊరి నల్లరేగడిలో గంట దాటినా నిలిచే ఉన్నాయి. అదే రేగడి ఎండాకాలం నెర్రెలిచ్చినప్పుడు నా చెయ్యి మోచేతి దాకా దిగింది. తొలకరి వాన ఆ నెర్రెల్లోంచి, మట్టి పూర్తిగా తడవకముందే కిందికి పోతుంది. రేగడి నీళ్లు పోనివ్వదన్న మాట జూన్‌లో చెల్లదు.

నేలలో నీరు ఎలా దిగుతుందో లెక్క కట్టే విద్య పాతదే. పూర్తిగా తడిసిన నేలలో నీటి ప్రవాహాన్ని చెప్పే డార్సీ సూత్రం 1856 నాటిది, పూర్తిగా తడవని నేలకు రిచర్డ్స్ సమీకరణం 1931లో వచ్చింది. హైడ్రస్-1డి సాఫ్ట్‌వేర్ ఉచితం. వాన, వేరు లోతు, నేల గుణం ఇస్తే ఎరువు ఎన్నాళ్లకు ఎంత లోతుకు దిగుతుందో అంచనా కడుతుంది. లేనిదల్లా మన నేలల అంకెలు. 2015లో మొదలైన భూసార కార్డులో 12 అంశాలున్నా, నీరు ఇంకే వేగం అందులో లేదు. మట్టి తీసేదీ పై ఆరంగుళాల్లోనే. నెర్రెలను పట్టించుకోని లెక్క రేగడికి వేస్తే, కిందికి పోయిన నైట్రేట్ కూడా పైనే ఉన్నట్టు కనిపిస్తుంది.

మండలానికి రెండు మూడు చోట్ల మీటరు లోతు గుంట తీసి, పొరపొరకూ నీరు ఇంకే వేగం కొలిచి, ఆ అంకెలు అందరికీ అందుబాటులో పెట్టాలి. వ్యవసాయ విద్యార్థులు చేయగల పనే ఇది. అప్పుడు యూరియా మూడు దఫాలా, నాలుగు దఫాలా అన్నది చెల్క రైతుకు తన నేలను బట్టి చెప్పొచ్చు. మీ విలేకరులు కూడా యూరియా క్యూల గురించి రాసేటప్పుడు ఆ ఊరి బోరు నీళ్లలో నైట్రేట్ ఎంతుందో అడిగి రాయాలని కోరుతున్నాను.

- విశ్రాంత వ్యవసాయ అధికారి, నల్లగొండ జిల్లా