నల్ల ఇసుకంతా ఇనుము కాదు

సంపాదకులకు,

అంతర్వేది ఒడ్డున కనిపించే నల్ల ఇసుకంతా ఇనుమేనని మా వైపు చాలామంది అనుకుంటారు. అది కలగూరగంప. బాగా ఆరిన ఇసుకను తెల్ల కాగితం మీద పలచగా పరిచి, పాత స్పీకర్లోంచి తీసిన అయస్కాంతాన్ని పాలిథిన్ కవర్లో చుట్టి పైన తిప్పండి. మాగ్నటైట్ (అయస్కాంతానికి అంటుకునే ఇనుప ఖనిజం) రేణువులు చటుక్కున లేచి అంటుకుంటాయి. అయస్కాంతాన్ని కవర్లోంచి లాగేస్తే అన్నీ రాలిపోతాయి. (కవర్ లేకపోతే వాటిని వదిలించడం మన తరం కాదు!) మిగిలిన నలుపులో ఇల్మనైట్ (ఇనుము, టైటానియం కలిసిన ఖనిజం) ఉంటుంది, మామూలు అయస్కాంతానికి అంత తేలిగ్గా లొంగదు. ఎర్రగా మెరిసేవి గార్నెట్లు.

ఖనిజాలను వర్గీకరించేది రసాయన కూర్పు, స్ఫటిక నిర్మాణం బట్టి. మాగ్నటైట్, ఇల్మనైట్ ఆక్సైడ్లు. గార్నెట్, జిర్కాన్ సిలికేట్లు. థోరియం ఉండే మోనజైట్ ఫాస్ఫేటు. రంగును నమ్ముకుంటే బోల్తా పడతాం. నల్లగా కనిపించే హెమటైట్ అనే ఇనుప ఖనిజాన్ని కూడా నునుపు లేని టైల్ వెనక వైపు గీస్తే ఎర్రటి చారే పడుతుంది. గట్టిదనానికి 1812లో జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త మోస్ ఇచ్చిన కొలమానం ఉండనే ఉంది: టాల్క్ 1, వజ్రం 10.

మాదంతా ఒండ్రు నేల. పిల్లలకు రాయి చూపించాలంటే రోడ్డు కంకరే గతి. పుస్తకంలో బొమ్మ చూసి మార్కులు తెచ్చుకుంటున్నారు, చేతికిస్తే తెల్లమొహం వేస్తున్నారు. కోనసీమలో ప్రతి హైస్కూలుకూ ఒక ఖనిజాల పెట్టె, అయస్కాంతం, నాలుగు టైల్ ముక్కలు ఇప్పించాలని విద్యాశాఖను కోరుతున్నాను. పెద్ద ఖర్చేం కాదు.

– ఒక విశ్రాంత సైన్సు మాస్టారు, సఖినేటిపల్లి