బల్బులెందుకు ఆర్పానంటే

ఒరేయ్,

నీ ఉత్తరం అందింది. "ఫోనున్న ప్రతివాడూ ఫొటోగ్రాఫరే, ఇక మనకేం పని?" అన్న చోట నవ్వొచ్చింది. కాసేపటికి ఆ నవ్వూ పోయింది. నిరుడు ఇదే ఏడుపు నేనూ ఏడ్చాను, అదీ నీ దగ్గరే.

ఒకటి మాత్రం ఒప్పుకుందాం రా. ఆరుబయట, మంచి వెలుతురులో, తీరిగ్గా తీసిన ఫొటోల్లో మనకీ వాళ్ళకీ పెద్ద తేడా లేదు. కొందరైతే మనకంటే బాగా తీస్తారు. నచ్చకపోతే మర్నాడు మళ్ళీ వెళ్తారు, వాళ్ళకేం తొందర? పైగా వేరే జీతం ఉంటుంది కాబట్టి ఊరికే తీసిపెట్టినా నష్టం లేదు. అలాంటివాళ్ళతో రేటు దగ్గర పోటీ పడితే చితికేది మనమే.

మొన్న ఒక కుటుంబం గ్రూప్ ఫొటోకి వెళ్ళాను. ముప్ఫై మంది, మూడు వరుసలు. ఒక పక్క పెద్ద కిటికీ, పైన పసుపు బల్బులు. వాళ్ళ బంధువొకాయన నా కెమెరా కంటే ఖరీదైనది పట్టుకొచ్చి, లెన్సు రంధ్రం బాగా తెరిచి, ఎఫ్1.8లో ముందే తీసేశాడు. వెనక స్క్రీన్ మీద బ్రహ్మాండంగా ఉంది. జూమ్ చేస్తే ముందు వరుసలో కనురెప్పలు లెక్కపెట్టొచ్చు, వెనక వరుసలో తాతగారి మొహం మాత్రం మసక. అందరికీ ఒక చెంప నీలం, ఒక చెంప నారింజ.

నేను కెమెరా బయటికి తీయకముందే బల్బులు ఆర్పించాను. వెలుగు రంగు కొలతలో కిటికీది దాదాపు 5500 కెల్విన్, నీలం వైపు; ఆ బల్బులేమో 3000 లోపు, నారింజ వైపు. రెండూ కలిస్తే, కెమెరాలో రంగులు సరిచేసే ఏ వైట్ బ్యాలెన్సూ కాపాడదు. ఫ్లాష్ రంగు కిటికీ వెలుగుకి దగ్గరే కాబట్టి దాన్ని తెల్లటి సీలింగ్ వైపు తిప్పాను. వరుసల్ని దగ్గరికి జరిపి, వెనక వరుస కూడా స్పష్టంగా రావాలని లెన్సు రంధ్రం తగ్గించి ఎఫ్8 పెట్టి, వెలుగు చాలడానికి ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచి వరసగా పది ఫ్రేములు కొట్టాను. ముప్ఫై మందిలో ఎవరో ఒకరు కన్ను మూయకుండా ఉండరు కదా! అంతా పది నిమిషాల పని. ఆ బంధువే తర్వాత పక్కకి పిలిచి, "బల్బులెందుకు ఆర్పారండీ?" అని అడిగాడు. ఆ పూట నాకు అంతకంటే పెద్ద మెప్పు దొరకలేదు.

మెమరీ కార్డు సంగతి నీకు తెలుసుగా. సగం ఫంక్షన్ తీశాక చచ్చిపోయింది. డబ్బు తిరిగిచ్చాను, ఆ రోజుని ఎక్కణ్ణుంచి తెచ్చివ్వను? అప్పటినుంచి రెండు కార్డుల్లోనూ ఒకేసారి రాయిస్తున్నాను. ఇంటికి రాగానే రెండు డిస్కుల్లోకి ఎక్కించి, ఒకటి వేరే చోట దాస్తాను. ఇదంతా క్లయింటుకి మొదటి మాటల్లోనే చెప్తున్నాను. ఫొటోలు ఏ తేదీకి ఇస్తానో, ఎన్ని ఇస్తానో కాగితం మీద పెడుతున్నాను. రేటు గురించి గీచి గీచి బేరమాడటం అక్కడే సగం తగ్గింది.

ఇక నీ పోర్ట్‌ఫోలియో. రెండు వందల ఫొటోలా! ఎవడు చూస్తాడ్రా? ఇరవై ఉంచు. దాని పక్కన ఒక ఫంక్షన్ మొదటి నుంచి చివరి దాకా పూర్తి సెట్ పెట్టు. పది మంచి ఫొటోలు ఎవరి దగ్గరైనా ఉంటాయి. చీకటి గదిలో, హడావిడిలో తీసినవి కూడా నిలబడ్డ మూడు వందల ఫొటోల సెట్టు అందరి దగ్గరా ఉండదు.

ఇంకోటి. గాజు సీసాలు తీయడంలో నీకున్న చెయ్యి నాకు లేదు. వెనక తెల్లటి వెలుగు పెట్టి, ఫ్రేములో పడకుండా రెండు పక్కలా నల్ల అట్టలు నిలబెట్టి, సీసా అంచుకి సన్నటి నల్ల గీత తెప్పిస్తావే, అది చూసి కుళ్ళుకున్నాను. నిజం. ఆ పని వదిలేసి పుట్టినరోజుల వెంట పడ్డావేంటి?

ఆదివారం ఫోన్ చెయ్యి. ఈలోగా ఆ రెండు వందల ఫొటోలూ పంపు, కత్తెర నేను పట్టుకుంటాను. తర్వాత తిట్టుకోకు.

నీ
పాత రూమ్మేట్