ఆ అబ్బాయిని చంపకు అక్కా

టొరంటో,
ఆదివారం

అక్కా,

ఆ గే అబ్బాయి మీద నువ్వు రాసిన కథ అందిన రాత్రే చదివేశాను. పెరంబూరు కోచ్ ఫ్యాక్టరీ గేటు, మెస్‌లో సాంబారు బకెట్, షిఫ్ట్ దిగాక ఆ అబ్బాయి స్నేహితుడి సైకిల్ పక్కన నడిచే పేజీ... ఆ పేజీ రెండుసార్లు చదివాను. చివర్లో చంపేశావు. ఫోన్ పక్కన పడేసి చాలాసేపు బాల్కనీలో నిలబడిపోయాను.

చదివినవాళ్ళకి జాలి కలగాలని అలా రాశానన్నావు. కలుగుతుంది, కాదనను. కానీ చదివేవాళ్ళలో నాలాంటి పదిహేనేళ్ళ పిల్లాడొకడు ఉంటే? వాడికేం అర్థమవుతుంది చెప్పు?

నాకు ఆ వయసులో నాన్న మనల్ని కోడంబాకంలో సినిమాకి తీసుకెళ్ళారు, గుర్తుందా? నడుము తిప్పుకుంటూ నడిచే ఒక పాత్ర తెరమీదికి రాగానే హాలంతా ఈలలు. నాన్న కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వారు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. నోట్లో మురుకు మింగుడు పడలేదు. ఆ రోజు మొదలు కాలేజీ అయ్యేదాకా చేతులు జేబుల్లో పెట్టుకునే నడిచాను. స్టైల్ కొడుతున్నాననేదానివి.

నాలాంటివాడు నాకు కనిపించింది కామెడీ సీన్లలో, లేదంటే చావు వార్తల్లో. ఉద్యోగానికెళ్ళి, అద్దె కట్టి, పులుసులో ఉప్పెక్కువైందని గొడవపడే మనిషి ఒక్క కథలోనూ తగల్లేదు. అలా బతకొచ్చని నాకెలా తెలుస్తుంది?

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు, స్వలింగ సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్ మీద తీర్పిచ్చింది. నేరం అన్న మాట పోయింది, ఇంట్లో భయం పోలేదు. మన మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ 2021లో ప్రేమించుకున్న ఇద్దరమ్మాయిల కేసు వింటూ, ఈ విషయం తనకి సరిగ్గా తెలియదని ఒప్పుకుని, కౌన్సెలర్ దగ్గర కూర్చుని నేర్చుకుని మరీ తీర్పు రాశారు. ఆయనంటే నాకు అందుకే గౌరవం. మరి నాన్నని ఎవరు కూర్చోబెడతారు?

ఆ పని మమ్ముట్టి చేశాడక్కా. పంచాయతీ ఎన్నికల్లో నిలబడ్డ, పెళ్ళాం కూతురు ఉన్న పెద్దమనిషి గే అని చూపించే పాత్ర. అంత పేరున్న హీరో తనే నిర్మాతై 2023లో మలయాళంలో 'కాదల్' సినిమా తీయించి, ఆ పాత్ర వేశాడు. అది చూశాక నాన్న ఏమీ మాట్లాడకుండా పడుకున్నారన్నావు కదా. మర్నాడు నాకు ఫోన్ చేశారు. ఎప్పుడూ "తిన్నావా" అనే మనిషి, "మీరిద్దరూ తిన్నారా" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. నాకు తోడుగా ఉండే అతనే వచ్చి స్టవ్ కట్టేశాడు.

కష్టాలు తీసేయమనట్లేదు. వాళ్ళమ్మ తిట్టే సీను అలాగే ఉంచు, అది నిజం. ఆ అబ్బాయి మహా మంచివాడు కూడా కానక్కర్లేదు, కోపిష్టిగానే ఉండనీ. చివరి పేజీ మాత్రం మార్చు. నైట్ షిఫ్ట్ దిగి ఇంటికొచ్చి, చెప్పులు విడిచి, "ఇడ్లీ పిండి అయిపోయిందని నిన్ననే చెప్పాను కదరా" అని తనవాడి మీద విసుక్కోనీ.

మార్చింది పంపు. ఈసారి నాన్నకి కూడా చదివి వినిపించు.

నీ తమ్ముడు